తోలు కప్పుకున్న ఓదార్పు

2083 నాటికి దిగులు జబ్బుకు డాక్టర్లు మందుల చీటీ మీద బర్రె పేరు రాస్తున్నారు. కొమురవ్వ చీటీలో 'రాజి, నలభై రోజులు' అని ఉంది. మేత వేయాలి, కడగాలి, ఒళ్లు రుద్దాలి. భర్త పోయాక ఏడాదిపాటు మంచం దిగని మనిషి ఇప్పుడు పొద్దున్నే కొట్టంలో ఉంటోంది.

అయితే రెండో వారం నుంచి ఆమె కడుగుతున్నది రాజిని కాదు, దానిలాగే చేసిన 'జీవప్రతిమ' అనే యంత్రాన్ని. లోపల మోటార్లు, సెన్సార్లు. పైన అసలు తోలు. ఎదుటి మనిషి గుండె వేగం, ఊపిరి, చెమట చదివి, దిగులు పెరిగిందనిపిస్తే దగ్గరికొచ్చి నాకుతుంది. దానికి జబ్బు చేయదు, అది తన్నదు. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త సుహాసిని పెట్టిన షరతు ఒక్కటే: రోగులకు చెప్పే మార్చాలి.

చెప్పలేదు.

"నూటికి తొంభై మంది కోలుకుంటున్నారు మేడమ్! చెప్పి చెడగొట్టుకోవడం ఎందుకు?" అన్నాడు చికిత్సా కేంద్రం డైరెక్టర్ జయసింహ, టీ చప్పరిస్తూ.

సుహాసినికి ఒళ్లు మండిపోయింది. మనసు విరిగినవాళ్లను మోసం చేసి నయం చేస్తారా? కానీ నిజం తెలిస్తే కొమురవ్వ మళ్లీ మంచమెక్కుతుందేమో! భయపడుతూనే కొట్టానికి వెళ్లి, ఉన్నదంతా చెప్పేసింది.

కొమురవ్వ రుద్దడం ఆపలేదు. "ఎరుకే బిడ్డా. ఈగ వాలకున్నా చెవులాడిస్తది."

"తెలిసీ ఎందుకు చేస్తున్నావవ్వా?"

"మా బర్రెకు దుడ్డె సచ్చిపోతే, దాని తోలుల గడ్డి కుక్కి ముందట నిలవెట్టిన. తల్లికి తెల్వకుంటదా? అయినా నాకుకుంట పాలు చేపింది. నాకూ గంతే. నాకనీకె ఏదన్న ఒకటి కావాలె గద."

సుహాసిని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"గని ఒక్కటడుగుత." కొమురవ్వ గొంతు మారింది. ప్రతిమ ఎడమ చెవి పట్టి చూపింది. అంచున చిన్న చీలిక. "ఇది నా రాజి చెవి. మొదటి వారం ముళ్లకంచెకు చినిగితే పసుపు పెట్టింది నేనే. మేం దుడ్డె సచ్చినంకనే తోలు తీసినం. బతికున్న రాజిని ఏం జేసిండ్రు?"

రోగి చెయ్యి ఎరిగిన తోలే వాడాలని నివేదికలో రాసింది సుహాసినే. అది ఎలా వస్తుందో ఒక్కనాడూ అడగలేదు. సంతకం మాత్రం పెట్టింది.

"నన్ను మోసం జేసిండ్రని కోపమొచ్చింది నీకు. రాజి కోసం ఎవలకన్న వచ్చిందా?"

ప్రతిమ మెడ తిప్పింది. కొట్టంలో ఎక్కువ దిగులు ఎవరిదో లెక్కగట్టి, సుహాసిని చెయ్యి నాకడం మొదలుపెట్టింది.