గోడకు అటువైపు సగం

ఆ మేడమీది మూలగది పేరు ఎత్తితే చాలు, పాలు తాగే పిల్లలు సీసా వదిలేసేవారట. కుక్కలు ఆ వెనక మెట్లదాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు తిరిగి వెళ్లిపోయేవట. పేపరు వేసేవాడు కిందనుంచే పేపరు పైకి విసిరి, అది నేలమీద పడేలోపు వీధి మలుపు తిరిగేవాడట. ఇందులో సగం తీసేసినా మిగతా సగం నిఖార్సైన నిజం.

తాళం వేసిన గది. లోపల మనుషులు లేరు, కరెంటు లేదు. కానీ పొద్దుపోయాక... నీళ్ల చప్పుడు.

టప్... టప్...

మధ్యలో ఒక నిట్టూర్పు.

ఆ గదికి ఆనుకుని, చెక్కగోడకు ఇటువైపు ఉండేది కుట్టుటీచరు. ఒంటరి మనిషి. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల కొలతలు ఆమె నోటిమీద ఉంటాయి గానీ, ఆమె తిన్నదీ లేనిదీ అడిగే నోరు ఒక్కటి లేదు. నిద్రపట్టక రాత్రిళ్లు కూడా మిషను తొక్కుతూ కూర్చునేది.

మొదట్లో ఆ రెండు గదులూ కలిపి ఒకటే పెద్ద హాలు. టీచరూ, ఆమె చెల్లెలు చిట్టీ కలిసి ఉండేవారు. ఏ మాటమీద ఏ మాట వచ్చిందో... పంపకాల దాకా పోయింది. కుర్చీలు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, సూదులు కూడా లెక్కేసి పంచుకున్నారు. చివరికి గోడకున్న ఏసీ ఒక్కటి మిగిలింది.

“అది నేను ఇష్టపడి కొన్నది,” అంది అక్క.

“ఇష్టపడ్డది నువ్వు, మోసుకొచ్చింది నేను,” అంది చెల్లెలు.

ఎవరూ దిగిరాలేదు. పాపం వడ్రంగి జుట్టు పీక్కుని పీక్కుని — అప్పటికి ఒత్తుగానే ఉండేది — చెక్కగోడను సరిగ్గా ఏసీ నడుము దగ్గరికి వచ్చేట్టు నిలబెట్టాడు. దాని చుట్టూ చెయ్యి పట్టేంత సందు కోసి, సగం ఏసీ ఇటు, సగం అటు ఉంచాడు. ఏనుగును రెండిళ్ల నడుమ కట్టేసినట్టు, తొండం ఒకరికీ తోక ఒకరికీ.

గోడ లేచిన మర్నాడే చిట్టి తన గదికి తాళం వేసింది. “నేను బతికుండగా మళ్లీ ఇక్కడ అడుగుపెడితే అడుగు!” అని అరుచుకుంటూ వెనక మెట్లు దిగిపోయింది.

అంతే. ఎవరినో పెళ్లి చేసుకుందని వినడమే గానీ, ఫోను లేదు, కబురు లేదు. ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఎండాకాలం ఏసీకి కొత్త రోగం పట్టుకుంది. సాయంత్రం బాగానే ఉంటుంది. రాత్రి ముదిరేకొద్దీ గాలి సన్నగిల్లి, లోపలి తీగలమీద తెల్లగా మంచు పేరుకుంటుంది. మామూలు మంచా! పెంగ్విన్లు వచ్చి పిల్లలకు నడక నేర్పించుకునేంత మంచు. తెల్లారగట్ల అది కరిగి... టీచరు దిండుమీద, చెంపమీద... ఎవరో ముఖంమీదికి వంగి ఏడుస్తున్నట్టు... టప్... టప్...

కింది వాటాలో ఆవిడ ఒకరోజు జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చి, గుడ్డ సంగతి వదిలేసి గొంతు తగ్గించింది.

“వదినా, ఒక మాట చెబుతాను, భయపడకు.”

“భయపెట్టడానికేగా వచ్చావు, కానియ్.”

“రాత్రి అటుగదిలో దగ్గు వినిపించింది... ఆడదగ్గు.”

“దగ్గులో ఆడా మగా ఏమిటే, నీ మొహం!”

“నవ్వకు వదినా. చిట్టి ఏమని వెళ్లింది? బతికుండగా అడుగుపెట్టననేగా... మరిప్పుడు అడుగుపెట్టిందీ అంటే—”

టీచరు చేతిలో కత్తెర నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయింది.

దెయ్యమంటే టీచరుకు భయం లేదు. వస్తే పనిచేయించుకునే రకం. కాజాలు కుట్టమని కూర్చోబెట్టేది. కానీ దెయ్యం ఉందంటే... చెల్లెలు లేదన్నట్టేగా! అదీ ఆమె గుండెల్లో పడ్డ రాయి.

మర్నాడే ఏసీ మెకానిక్కుకు ఫోను చేసింది. రోగం ఏసీది అని తేలితే చాలు, చిట్టి ఎక్కడో ఒకచోట బతికే ఉన్నట్టు. తేలకపోతే...

మెకానిక్కు స్టూలెక్కి ఇటుపక్క జాలీ ఊడదీశాడు. దాన్నిండా మెత్తటి దుమ్ము, దానితో పరుపు కుట్టొచ్చు. నీళ్లు పోయే పైపు గట్టిగా ఊదితే, ఎలుక తోకంత నాచు పుటుక్కున బయటపడింది.

“ఇదే పెద్దమ్మా మీ దెయ్యం!” అన్నాడు.

మురికిని చూసి అంత మురిసిపోయిన మనిషి భూప్రపంచంలో ఉండదు. టీచరు ఆ నాచు ముద్దకు దండం పెట్టినంత పనిచేసింది.

ఆ రాత్రి... మళ్లీ మంచు.

పిలిస్తే మెకానిక్కు గొణుక్కుంటూ వచ్చాడు. జాలీ చూశాడు, శుభ్రంగా ఉంది. పైపులో నీళ్లు పోశాడు, గడగడా వెళ్లిపోయాయి. గ్యాసు చూశాడు, నిండా ఉంది. బుర్ర గోక్కున్నాడు.

“ఎంతమీద పెడతారు?”

“పదహారు. సగం చల్లదనం అటు ఖాళీగదికి దండగైపోతోంది కదా బాబూ. ఆ పోయేది పోగా నాకింత మిగలొద్దూ?”

“ఎంత పెట్టినా ఐసు ఊరికే ఇంత కట్టదు పెద్దమ్మా. లోపలికి గాలి అందకపోతేనే కడుతుంది. ఇటు బాగానే అందుతోంది. మరి...” అతను గొంతు తగ్గించాడు. “అటు సగానికి ఎవరో ఏదో అడ్డం పెట్టారు.”

“అటు ఎవరూ లేరు.”

మెకానిక్కు చెక్కగోడ వంక చూశాడు. టీచరు వంక చూశాడు. గోడకు అటువైపు ఏదో... సర్రున జరిగింది.

“పగలొచ్చి చూస్తాను పెద్దమ్మా. మా బావమరిదిని తోడు తెచ్చుకుని.”

మెట్లు దిగాడో, దూకాడో తెలీదు. చెప్పు ఒకటి ఇక్కడే ఉండిపోయింది.

గదిలో టీచరు ఒక్కతే మిగిలింది.

ఏసీకి ఏ రోగమూ లేదు. అంటే...

ఆమె స్టూలెక్కింది. ఏసీ పక్కనున్న సందులోకి చెయ్యి పెట్టింది. మంచుగడ్డ లాంటి గాలి మణికట్టును పట్టుకుంది. ఇంకా లోపలికి... ఇంకా...

వేళ్లకు తడిగుడ్డ తగిలింది. ఏసీ నెత్తిమీద దుప్పటిలా కప్పి ఉంది.

లాగింది.

అటునుంచి ఎవరో వెనక్కి లాగారు.

టీచరు అరవలేదు. చెక్కగోడకు నుదురు ఆనించి, గుసగుసగా అడిగింది.

“చిట్టీ...?”

టప్...

“నువ్వేనా?”

టప్... టప్...

“తిట్టనే. తప్పు నీదో నాదో నాకు గుర్తు కూడా లేదు. నువ్వు... ఉన్నావా, లేవా? ఆ ఒక్కమాట చెప్పు, చాలు.”

గుడ్డ జారిపోయింది. చీకట్లోంచి వేళ్లు వచ్చి ఆమె వేళ్లమీద పడ్డాయి. చల్లగా... బిగుసుకుపోయి... శవం వేళ్లలా.

టీచరు కళ్లు మూసుకుంది. అయిపోయింది. ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు...

“ఉన్నాను గానీ,” అంది చీకటి, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, “ఇంకో రెండ్రాత్రులు పదహారుమీద పెట్టావంటే పోతాను!”

టీచరు స్టూలుమీదనుంచి పడబోయి, ఆ చేతినే పట్టుకుని నిలదొక్కుకుంది.

“ఒసే ముదనష్టపుదానా! బతికే ఉన్నావా?”

“మెల్లిగా! కిందావిడ లేస్తుంది.”

“ఎప్పుడొచ్చావే?”

“ఎండలు మొదలైనప్పుడు. మా ఆయన పోయాక... ఆ ఇంట్లో గోడలు కూడా నన్ను పలకరించడం మానేశాయక్కా. పగలు పనికి పోతాను. రాత్రి వెనక మెట్లెక్కి, తాళం తీసుకుని ఇక్కడ పడుకుంటాను.”

“ఆయన పోయాడా? నాకు కబురు చెయ్యాలని తోచలేదే నీకు?”

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

“తలుపు కొట్టొచ్చుగా,” అంది అక్క, ఈసారి మెల్లగా.

“అన్ని మాటలన్నాక ఏ మొహంతో కొట్టను? నీ కుట్టుమిషను చప్పుడు వింటుంటే నిద్రపట్టేది. ఆ చలికే మెలకువొచ్చేది. అందుకే దుప్పటి కప్పాను.”

“కప్పుకోవాల్సింది నువ్వే! ఏసీకి కప్పుతారటే?”

“ఉన్నది ఒకటే.”

టీచరు ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. రిమోటు మంచంమీద ఉంది. తలుపు గదికి ఆ చివరన ఉంది. అటు ఆమె ఏదో డబ్బామీద, ఇటు ఈమె స్టూలుమీద, నడుమ చెక్కగోడ. మంచు కరిగి ఇద్దరి నెత్తులమీదా సమంగా పడుతోంది.

“దిగవే, తలుపు తీస్తాను,” అంది అక్క.

“ముందు నువ్వు దిగు,” అంది చెల్లెలు.

దిగాలంటే చెయ్యి వదలాలి.

తెల్లారి బావమరిదిని వెంటేసుకుని మెకానిక్కు వచ్చేసరికి కూడా, ఇద్దరూ ఇంకా అలాగే నిలబడి ఉన్నారట.