అక్కడికని కొన్న ప్లేట్లు

శనివారం పొద్దున్నే బట్టలుతికే మిషను మీద ఎక్కి కూర్చోవడం లీడియాకి చిన్నప్పటి నుంచి అలవాటు. కూర్చోకపోతే ఆ మిషను ఊరుకోదు. ఆఖర్న గిర్రున తిరిగేటప్పుడు గడగడా వణుకుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చేస్తుంది. పందొమ్మిదేళ్ళు నిండినా, ఈమధ్యే స్కూలు ఆఖరి పరీక్ష పాసైనా, ఈ ఉద్యోగం మాత్రం ఆమెని వదల్లేదు.

ఇంట్లో కొత్త మిషను లేకనా? ఉంది. నడవాలో అట్టపెట్టెలో, కట్టిన తాడు కట్టినట్టే, నిక్షేపంగా ఉంది. కాకపోతే అది అక్కడికి. దాని పక్కనున్న దుప్పట్లు, దీపాలు, ప్లేట్ల పెట్టె, అన్నీ అక్కడికే. అక్కడంటే పోర్చుగల్ కొండల్లో, ఫొల్గోజ అనే ఊళ్ళో నాన్న ఫిర్మీను కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఏడాదికి ఒక్క ఆగస్టు నెల ఉంటారు అందులో. మిగతా పదకొండు నెలలూ లక్సెంబర్గ్‌లో, ఎష్ పట్నంలోని ఈ అద్దె వాటాలోనే. లీడియా పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా అమ్మానాన్నలు దీన్ని ఏనాడూ ఇల్లు అనలేదు. ‘ఇక్కడ’ అంటారు, అంతే.

ఫిర్మీను కింద నుంచి ఆయాసపడుతూ వచ్చాడు. “కారు కొలిచి చూశాను. మిషను లోపల పట్టదు. పైన కట్టాల్సిందే.”

“పోయినేడాది ఫ్రిజ్ కట్టావు నాన్నా. స్పెయిన్‌లో పోలీసు ఆపి, ఇంకేం మిగిల్చి వచ్చారండీ అనడిగాడు.”

“అడిగితే అడిగాడు. చేరిందా లేదా? ఇన్నేళ్ళలో ఒక్క గీత పడిందా? నేను కట్టిన మూటలో గాజుముక్క కూడా పగల్లేదు.” పెట్టె మీద ముద్దుగా చెయ్యి వేశాడు. “ఇంకేముంది, ఇదే ఆఖరి మోత. నీ చదువైపోయింది. క్రిస్మస్‌కల్లా మనమూ అక్కడే.”

ఆ మాట లీడియా చిన్నప్పటి నుంచి వింటున్నదే. ‘పిల్ల చదువైపోగానే వెళ్ళిపోదాం.’ పిల్ల చదువు ఎప్పటికో అవుతుందిలే అని తనూ అనుకునేది. ఇప్పుడు అయిపోయింది. చిన్నపిల్లల బడిలో టీచరయ్యే శిక్షణకి ఆమెకి సీటు వచ్చి పది రోజులైంది. ఇంట్లో చెప్పడానికి నోరు పెగల్లేదు.

అందుకే ఒక ఉపాయం పన్నింది. పరీక్ష పాసైన వంక పెట్టి, కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మదామ్ థిల్‌ని ఇవాళ భోజనానికి పిలిచింది. ఆవిడ ఎదురుగా అమ్మ కేకలెయ్యదు కదా అని ఆశ.

అమ్మ ఒటీలియా తెల్లారకముందే ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళ్ళింది. ఉప్పుచేపని రెండు రోజులుగా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, బంగాళాదుంపలతో కలిపి రాత్రే సిద్ధం చేసి పెట్టింది. లీడియా దాన్ని ఓవెన్‌లో పెట్టి, బల్ల సర్దడానికి ప్లేట్లు తీసింది. ఒకదానికి ఒకటి జత కలవదు. ఒకటి పెట్రోలు బంకులో ఊరికే ఇచ్చింది. ఒకదానికి అంచు పోయింది. ఇంకోదానికి నడుమ వెంట్రుకలాంటి బీట. చిన్నప్పుడు ఆ బీట మీద వేలితో రాస్తూ సూపు తాగేది.

చేతిలో ఉన్న వాటిని కాసేపు చూసింది. తర్వాత నడవాలోకి వెళ్ళి పెట్టె విప్పింది. మీగడ రంగు పింగాణీ, నీలం అంచు. తీరా చూస్తే వెనకాల పోర్చుగల్‌లో తయారైందని ముద్ర. అక్కడ చేసినవి ఇక్కడ కొని, మళ్ళీ అక్కడికే మోసుకెళ్తున్నారు. లీడియాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాటినే బల్ల మీద పరిచింది.

ఒటీలియా వస్తూనే తాళాలు మేకుకి తగిలించి, బల్ల వైపు చూసి ఆగిపోయింది.

“ఎవరు తీశారవి?”

“నేనే అమ్మా.”

“అవి అక్కడికి.”

“తెలుసు.”

“తెలిసే తీశావా? బుద్ధుందా నీకు? మదామ్ వచ్చేలోపు లోపల పెట్టెయ్. మన పాత ప్లేట్లు ఆవిడ చూడనివా ఏంటి?”

“ఆవిడ కోసం కాదమ్మా. నా కోసం. ఇన్నేళ్ళలో ఇక్కడ ఒక్కసారైనా మంచి ప్లేటులో తిన్నామా?”

“అక్కడ తింటావుగా.”

“అక్కడ అవి అద్దాల బీరువాలో ఉంటాయి. నా మంచం కొని ఎన్నేళ్ళైంది? పరుపుకి ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వవు. పడుకుంటే చెమట, దొర్లితే చప్పుడు.”

“పరుపు పాడవుతుందనే,” అన్నాడు ఫిర్మీను గుమ్మంలోంచి, సర్దిచెప్పబోతూ. “మనం వెళ్ళిపోయాక తీసేద్దాంలే.”

“నేను రావట్లేదు నాన్నా.”

అనుకున్న వేళకి కాదు, అనుకున్న తీరులోనూ కాదు, మాట జారిపోయింది. సీటు సంగతి కూడా అప్పుడే చెప్పేసింది. ఒటీలియా కుర్చీ పట్టుకుంది.

“అయితే ఇదంతా ఎవరి కోసమే? తెల్లారగట్ల లేచి ఊళ్ళోవాళ్ళ ఆఫీసులు తుడిచింది ఎవరి కోసం? మీ నాన్న నడుం విరిగేలా గోడలు పూసింది ఎవరి కోసం? అక్కడ ఆ పైగది నీది కాదూ?”

“నాదేనమ్మా. అందుకే పది రోజులుగా చెప్పలేక చస్తున్నాను.” లీడియా కళ్ళు నిండాయి. “బళ్ళో మొదటిరోజు గుర్తుందా నీకు? టీచరు జర్మన్‌లో ఏమంటోందో తెలీక సాయంత్రం దాకా ఏడ్చాను. ఇప్పటికీ అలా ఏడ్చే పిల్లలు వస్తూనే ఉన్నారు. వాళ్ళ పక్కన మన భాష తెలిసిన టీచరు ఒకత్తి ఉండొద్దా?”

“టీచర్లు అక్కడ అక్కర్లేదా?”

“అక్కడ నన్ను లక్సెంబర్గ్ పిల్లంటారు. నా యాసకి మామయ్య కూతుళ్ళు పడీపడీ నవ్వుతారు. ఇక్కడేమో పోర్చుగీసు పిల్లంటారు. అననీ. నాకేం దిగులు లేదమ్మా. ఆగస్టులో అటు బయల్దేరినప్పుడు ఇంటికెళ్తున్నాం అనుకునేదాన్ని. నెలాఖరున ఇటు తిరిగినప్పుడూ అదే అనుకునేదాన్ని. చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు. ఎటెళ్ళినా ఇంటికే వెళ్ళే అదృష్టం ఎంతమందికుంటుంది? మీరిద్దరూ కష్టపడబట్టే కదా నాకు దక్కింది?”

ఒటీలియా నోరు తెరిచింది. ఈలోగా తలుపు చప్పుడైంది. మదామ్ థిల్ పన్నెండంటే పన్నెండుకే వచ్చే మనిషి. చేతిలో చెర్రీపళ్ళ కేకు. ఒటీలియా చప్పున ఆప్రాన్‌తో ముఖం తుడుచుకుంది. ఇక ప్లేట్లు తియ్యడానికి వ్యవధి లేదు. వాటిలోనే వడ్డించింది.

“కొత్తవా ఒటీలియా? ఎంత బాగున్నాయో,” అంది పెద్దావిడ.

“అక్కడికని కొన్నాం మదామ్.”

“అంటే వెళ్ళిపోతున్నారా?” ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. “వాటా అద్దెకడిగినప్పుడు ఏమన్నావో గుర్తుందా ఫిర్మీను? రెండేళ్ళే ఉంటాం, గోడలకి రంగు కూడా వద్దన్నావు.”

“అన్నాను,” అని తల గోక్కున్నాడు ఫిర్మీను.

“ఏటా మీరు కారు కట్టుకుని బయల్దేరితే, ఈసారి తిరిగిరారేమోనని గుబులుగా ఉండేది. నెలాఖరున మెట్ల మీద మీ సామాన్ల చప్పుడు వినపడితే అమ్మయ్య అనుకునేదాన్ని. ఈ మాట మీకెప్పుడూ చెప్పలేదు. మా ఆయన పోయిన చలికాలం నాకు అన్నం సయించేది కాదు. రోజూ సూపు గిన్నెతో నా తలుపు కొట్టిందెవరు?”

“ఊరికే... మిగిలితే తెచ్చాను మదామ్.”

“చలికాలమంతా మిగిలిందా?”

ఒటీలియా ప్లేటు అంచుని వేలితో నిమురుతూ కూర్చుంది. ఆ వేలు అలా తిరుగుతుంటే, బీట మీద తన వేలే గుర్తొచ్చింది లీడియాకి. ఒటీలియా తలెత్తి, “మీ వంటింట్లోనే కదా అది జర్మన్ నేర్చుకుంది. నిజం చెప్పండి మదామ్, టీచరు కాగలదా?” అనడిగింది.

“ఇప్పుడు నా తప్పులు అదే దిద్దుతోంది,” అంది పెద్దావిడ.

ఆవిడ వెళ్ళాక ఒటీలియా ఎవర్నీ రానివ్వకుండా ప్లేట్లన్నీ తనే కడిగింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

“రెండేళ్ళలో వచ్చేస్తానని మా అమ్మకి మాటిచ్చి వచ్చానే. ఇక్కడ ఒక్క మంచి వస్తువు విప్పినా, ఇక తిరిగి రాను అని ఆవిడతో చెప్పినట్టే అనిపించేది. ఆవిడ పోయింది. నేను మాత్రం ఆ మాటని మోస్తూనే ఉన్నాను. మధ్యలో నువ్వెప్పుడు పెరిగిపోయావో సరిగ్గా చూడనే లేదు.”

తుడిచిన ప్లేట్లు సర్దుదామని లీడియా పెట్టె తీసుకొచ్చింది.

“దాంట్లో పెట్టకు,” అంది ఒటీలియా. “అంత దూరం. దారిలో పగిలిపోతాయి.”

“నేను కట్టిన మూటలోనా?” అని లేవబోయిన ఫిర్మీను, భార్య ముఖం చూసి ఆగాడు. “అవున్లే. స్పెయిన్ దగ్గర రోడ్లు అస్సలు బాగాలేవు.”

ఒటీలియా అలమర తలుపు తీసి పాత ప్లేట్లన్నీ బయటపెట్టింది. వాటి చోట నీలం అంచువి ఒకదాని మీద ఒకటి పేర్చింది. అంచు పోయినదాన్నీ, పెట్రోలు బంకుదాన్నీ పాత పేపర్లో చుట్టి పెట్టెలో సర్దసాగింది.

“ఇవి అక్కడికి. సెలవులకెళ్ళి నెల రోజులు ఉండేదానికి ఇవి చాలవూ?”

సెలవులు. ఆ ఊరి గురించి ఆ మాట అమ్మ నోటి వెంట ఎన్నడూ వినలేదు లీడియా. వెనక నుంచి తల్లిని గట్టిగా కావలించుకుంది. “థాంక్సమ్మా” అనబోతే ఏడుపే వచ్చింది. “ఊరుకో, ప్లేటు పడుతుంది,” అంటూ తల్లీ ఏడ్చింది. బీట పడ్డ ప్లేటుని మాత్రం లీడియా పెట్టెలో పెట్టనివ్వలేదు.

“శిక్షణ ఎన్నేళ్ళు?” అనడిగాడు ఫిర్మీను, గొంతు సవరించుకుని.

“నాలుగు, నాన్నా.”

“నాలుగా! సరే. ఓ రెండేళ్ళు చూద్దాం.”

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి కాసేపటికి గాని తట్టలేదు. తట్టాక ఆయనా నవ్వాడు. తర్వాత కత్తెర పట్టుకుని నడవాలోకి వెళ్ళి, కొత్త మిషను పెట్టె తాడు కత్తిరించాడు.