టేపు పెట్టని మాట

ఆ ఇంట్లో తెల్లారేది కుట్టుమిషన్ చప్పుడుతో. వీధంతా టైలరమ్మ అని పిలుచుకునే అత్తగారికి పనంటే ప్రాణం, తన మాటంటే పంతం. ఎవరైనా గుడ్డ ఇచ్చి, పాత కొలతలే అని వెళ్ళబోతే నవ్వుతూనే ఆపి నడుముకి టేపు చుట్టేది. మనిషి నిజమే చెప్పినా నడుము చెప్పదని ఆవిడ సిద్ధాంతం. అంతటి గడుసు మనిషి నెల్లాళ్ళుగా ఓ రాగి కంకణాన్ని కళ్ళు మూసుకుని నమ్ముతోంది.

అది చెల్లెలు తెచ్చింది. ఇలాంటిది పెట్టుకున్నాకే తనకు బీపీ అదుపులోకొచ్చిందని మురిసిపోతూ, అక్క చేతికి స్వయంగా తొడిగి వెళ్ళింది. టైలరమ్మ ఆ మర్నాటి నుంచే తన బీపీ మాత్రలకు చెల్లుచీటీ ఇచ్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు ఊరుకోదని ఆవిడకు తెలియదా ఏమిటి?

ఆ ఉదయం గుండీల డబ్బా కోసం లేచిన ఆవిడ తూలి తలుపు పట్టుకుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి బయల్దేరుతున్న కోడలు సంచీ కింద పడేసి పరుగున వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న బీపీ మిషన్ చేతికి చుట్టింది. అంకె చూసి ఆమె మొహం పాలిపోయింది. ఒక్కసారి చూస్తే తేలదని, కాసేపాగి మళ్ళీ చూసింది. అదే వరస. మాత్రల డబ్బా తెరిస్తే పొట్లాలు పొట్లాలుగానే ఉన్నాయి.

ఎందుకు మానేశారని అడిగింది కోడలు. తనకు బాగానే ఉందని, ఈ తూలడం నిద్ర చాలకేనని దబాయించింది టైలరమ్మ. అంతటితో ఆగిందా, తోడబుట్టినదాన్ని అబద్ధాలకోరంటే పడేది లేదని గొంతు పెంచింది. పళ్ళు తోముకుంటూ వచ్చిన కొడుకు ఎటూ మాట్లాడలేక గోడమీద పిల్లిలా నిలబడిపోయాడు.

కోడలి కళ్ళు నిండాయి కానీ గొంతు వణకలేదు.

"పిన్నిగారిని నేనేమీ అనలేదత్తయ్యా. ఎదురింటావిడ నడుముని నమ్మని మీరు, ప్రాణం మీదికొచ్చే మాటని కొలవకుండా ఎలా నమ్మారు? మీకేమన్నా అయితే నేనేం కావాలి?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. టైలరమ్మ ఫోన్ తీసి, అందరికీ వినబడేలా పెట్టి చెల్లెలికి కలిపింది.

"నిజం చెప్పవే. కంకణం వేసుకున్నాక మాత్రలు ఎప్పుడు మానేశావు?"

"మానడమేంటక్కా? అప్పుడే డాక్టరు కొత్త మాత్ర ఇచ్చాడుగా. అదీ వేసుకుంటున్నా, ఇదీ పెట్టుకుంటున్నా. కొంపదీసి నువ్వు మానేశావా?"

టైలరమ్మ కంకణాన్ని తిప్పి చూసుకుంటూ, మానేశానని ఒప్పుకుంది. ఒక్క ప్రశ్న. చేతికి తొడిగిన రోజే అడిగి ఉంటే సరిపోయేది. అవతల చెల్లెలు తన వల్లే ఇదంతా అని వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఇక అక్కే ఓదార్చాల్సి వచ్చింది.

"నీ ప్రేమకేం లోటు లేదే, పిచ్చిదానా. నువ్వు తొడిగావు కనక ఉంచుకుంటాలే. మందు పని మాత్రం దీనికి చెప్పను."

ఫోన్ పెట్టేసి కోడలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు అడిగావు కనక సరిపోయింది. నేను అరిచినా అడుగుతూనే ఉండవే," అంది. కోడలు ఆవిడ భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది. అప్పటికి నోట్లో నురగ ఉమ్మేసిన కొడుకు బండి తీశాడు.

డాక్టరు పరీక్ష చేసి, నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త చీటీ రాసి చేతికిచ్చాడు. కోడలు లేచింది. టైలరమ్మ కదల్లేదు.

"ఇవి నాకు పనిచేస్తున్నాయో లేదో తెలిసేదెలా బాబూ? ఎన్నాళ్ళకు చూసుకోవాలి, ఏ వేళప్పుడు చూసుకోవాలి, పడకపోతే ఏం చెయ్యాలి?"

డాక్టరు కలం మూత పెట్టి, కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాడు. కోడలు మళ్ళీ కూర్చుంది.