సీతాలు కాలి కట్టు

పక్కింటి వాళ్ళ కోడికి నేను ఐదు నెలలు దొంగచాటుగా అన్నం పెట్టాను. జాలిపడి కాదు, ఒక్కణ్ణే కూర్చుని తినలేక.

తెలుగు మీడియం బళ్ళో మాస్టారు ఉద్యోగం వచ్చిందని టెక్కలి వదిలి, వైజాగ్‌లో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాను. డాలీగంజ్‌లో రేకుల ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నాను. నా క్లాసులో పిల్లలు ఏడుగురు. వాళ్ళు ఇళ్ళకు పోయాక మర్నాడు ఉదయం దాకా నేను నోరు విప్పే పని ఉండేది కాదు. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా గిరీ" అంటుంది. తిన్నానంటాను. ఎవరితో తిన్నావని అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది. అందుకని పొద్దుండగానే వండుకుని వెనక వరండాలో కూర్చునేవాణ్ణి. సరిగ్గా కంచం ముందు పెట్టుకునే వేళకి కంచె కింద నుంచి దూరి ఒక ఎర్ర పెట్ట వచ్చేది. నాకో ముద్ద, దానికో ముద్ద. దానికి సీతాలు అని పేరు కూడా పెట్టాను. బళ్ళో జరిగినవన్నీ దానికే చెప్పేవాణ్ణి. తల ఒక పక్కకి వంచి బుద్ధిగా వినేది.

ఆ రోజు గాలివాన ఒక్కసారి కమ్ముకొచ్చింది. అన్నం గిన్నె తడుస్తుందని లోపలికి పరుగెత్తి, వెనక తలుపు బలంగా లాగాను. నా వెనకే సీతాలు వస్తోందని చూసుకోలేదు.

దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, తడుస్తూ పక్కింటి తలుపు కొట్టాను. ఒక అమ్మాయి తీసింది. మెడలో ఇంకా జెట్టీ టికెట్ కౌంటర్ ఐడీ కార్డు వేలాడుతోంది. దాని మీద సుష్మ అని ఉంది.

"అరె భయ్యా, ఇది మా కోడి కదా."

"అవునండీ. తలుపు సందులో కాలు పడింది."

"మీ తలుపు దగ్గర దానికేం పని?"

మంచి అబద్ధం ఒకటి వెతికాను, దొరకలేదు. "అన్నానికొచ్చింది."

"ఈ రోజేనా?"

"ఐదు నెలల నుంచి."

ఆమె లోపలికి తల తిప్పింది. "నానమ్మా, మన కోడి సాయంత్రం మేత ఎందుకు ముట్టదో తెలిసిపోయింది. భయ్యా ఇంట్లో మెస్ పెట్టుకుంది."

లోపల్నుంచి వాళ్ళ నానమ్మ ఎరుకమ్మగారు వచ్చారు. చిన్న మనిషి, చూపు మాత్రం చాలా పెద్దది. కోడి కాలు చూసి గట్టిగా నిట్టూర్చారు.

"ఇది పోలమ్మ తల్లికి మొక్కిన పెట్ట బాబూ. అవిటిదాన్ని తల్లికి ఇయ్యకూడదు. ఇంకోదాన్ని మార్సడానికీ నేదు. మా కోళ్ళల్లో ఒగ్గేత్తే ఈ కుంటిదాన్ని పొడిసి సంపేత్తాయి. ఇరగ్గొట్టింది నువ్వు, నిలబెట్టాల్సిందీ నువ్వే."

"అలాగే మామ్మగారూ. సీతాల్ని నేను చూసుకుంటాను."

"సీతాలా? మొక్కు కోడికి ఎవడైనా పేరు పెడతాడేటి?"

పశువుల ఆసుపత్రి డాక్టరు ఐస్‌ఫ్రూట్ పుల్ల ఆనించి కట్టు కట్టారు. మూడు వారాలు అట్టపెట్టెలోనే ఉంచమన్నారు, రోజు విడిచి రోజు కట్టు మార్చమన్నారు. కట్టు మార్చాలంటే ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు చుట్టాలి. అలా సుష్మ మా ఇంటికి రావడం మొదలైంది.

"భయ్యా, టైట్‌గా చుట్టకండి. వేళ్ళు చల్లబడుతున్నాయి."

"మీరు దాన్ని గట్టిగా పట్టుకోండి ముందు."

"నేను గట్టిగానే పట్టుకున్నాను. మీరే కాలు వదిలేసి ఒట్టి పుల్లకి చుడుతున్నారు."

నా చూపు కోడి కాలి మీద లేదని ఆమెకు ఎలా చెప్పను? పైగా ఆ 'భయ్యా' ఒకటి. ఈ ద్వీపంలో ఆటో డ్రైవర్ని, కూరగాయలమ్మేవాణ్ణి, అందరినీ అలాగే పిలుస్తారని నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ గుచ్చుకునేది.

మూడో కట్టు రోజున వాన తగ్గక గంట సేపు ఉండిపోయింది. టీ పెట్టాను. ఇంట్లో ఒకటే గ్లాసు ఉంది. నా టీ స్టీలు గిన్నెలో పోసుకున్నాను. ఆమె అది చూసింది. తర్వాతిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక గ్లాసు ఉంది.

"ఇది ఇక్కడే ఉండనీండి, మాస్టారూ," అంది.

భయ్యా పోయి మాస్టారు వచ్చింది. ఆ రాత్రి రేకుల మీద వాన చప్పుడు కూడా నాకు బాగానే వినిపించింది.

ఐదో కట్టు రోజున అడిగాను. "మొక్కు దేనికండీ?"

ఆమె కోడి వీపు నిమిరింది. "నా పెళ్ళికి. వైజాగ్ సంబంధం. నాన్న ఓడ మీద పనిచేస్తాడు కదా, అక్కడ ఎవరో చెప్పారంట. సంబంధం కుదిరితే ఈ కోడినిస్తానని నానమ్మ మొక్కింది. కుదిరింది. ఇక మొక్కు తీరిస్తే ముహూర్తం పెడతారు."

"అబ్బాయి ఎలా ఉంటాడు?"

"ఫోటోలో బాగానే ఉన్నాడు."

"మాట్లాడారా?"

"రెండుసార్లు. నా జీతం ఎంతని అడిగాడు. రెండోసారి కూడా అదే అడిగాడు." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "నేను వెళ్ళిపోతే నానమ్మ ఎవరితో తింటుందో."

అంటే సీతాలు కాలు బాగైతే సీతాలు ఉండదు. సుష్మా ఉండదు. నా వరండాలో నేను, నా కంచం మిగులుతాం. ఇంత సంగతి నా చేతిలో ఉన్న గుడ్డపీలిక మీద ఆధారపడి ఉందని ఆ రోజే తెలిసింది.

మూడు వారాలు నిండకముందే కాలు అతుక్కుంది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి సీతాలు పెట్టె దూకి ఇల్లంతా పరుగులు పెడుతోంది. ఒక్క క్షణం సంతోషించాను. తర్వాత సిగ్గు లేకుండా దాన్ని పట్టుకుని, సుష్మ వచ్చేలోపు మళ్ళీ కట్టు కట్టేశాను.

ఆ రోజు ఆమె కోడిని ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఇంకా నొప్పి ఉందంటారా?"

"ఉన్నట్టే ఉంది."

"అవును, నాకూ అలాగే అనిపిస్తోంది," అంది.

ఇంకో పది రోజులు అలా గడిచాయి. పదకొండో రోజు కట్టు విప్పితే కింద చర్మం ఎర్రగా కంది ఉంది. సీతాలు ముక్కుతో ఆ చోటే పొడుచుకుంటోంది. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ కట్టు కోడి కోసం కాదు, నా కోసం. దాన్ని ఒకసారి పొరపాటున కుంటిదాన్ని చేశాను, రెండోసారి కావాలని చేస్తున్నాను.

కొబ్బరినూనె రాసి, కట్టు లేకుండానే దాన్ని ఎత్తుకుని పక్కింటికి వెళ్ళాను. వాన సన్నగా పడుతోంది. సుష్మ తలుపు తీసి, ముందు కోడి కాలు వైపే చూసింది.

"విప్పేశారా?" అంది.

"విప్పేశాను."

ఎరుకమ్మగారు బియ్యం ఏరుతున్నారు. సీతాల్ని ఆవిడ ముందు వదిలాను. అది తిన్నగా నడిచి వెళ్ళి చేట అంచున నిలబడింది.

"కాలు అతికి పది రోజులు దాటింది మామ్మగారూ. మీకు చెప్పకుండా ఉత్తుత్తి కట్టు కట్టాను. కోడి వెళ్ళిపోతే సుష్మగారు మా ఇంటికి రారు. ఆవిడ రాకపోతే..." అక్కడ ఆగాను. ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. "ఆవిడంటే నాకు ఇష్టం. మొక్కు కోడిని దాచడం తప్పే. మీ కోడి మీకు తెచ్చి ఇచ్చాను."

ఎరుకమ్మగారు చేట పక్కన పెట్టారు.

"నాకూ తెలుసు నానమ్మా," అంది సుష్మ, తలుపు దగ్గరే నిలబడి. "ఒకరోజు డ్యూటీ జల్దీ అయిపోయింది. కిటికీలోంచి చూశాను, రూమంతా పరుగెడుతోంది."

"మరి నాకెందుకు సెప్పలేదే?"

"చెబితే కట్టు అయిపోతుంది కదా."

ఎరుకమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సీతాల్ని ఒళ్ళోకి తీసుకుని, కాలు మీద పైనుంచి కిందికి వేళ్ళు పోనిచ్చారు. అది నేను బోర్డు మీద స్కేలుతో గీసే గీత కన్నా తిన్నగా ఉంది.

"వంకర," అన్నారు ఆవిడ.

"లేదు మామ్మగారూ, బాగానే..."

"నోర్ముయ్యి. నాకు కళ్ళు కనపడతాయి. వంకరగా అతికింది. ఇంత వంకర కాలు తల్లికెలా ఇత్తాను? తల్లే ఈ సంబంధం వొద్దంది." కళ్ళు చీర చెంగుతో తుడుచుకున్నారు. "తల్లితో నేను సెప్పుకుంటాను. ఓడొచ్చినాక మీ నాన్నతోనీ నేనే సెప్తాను. మాస్టారూ, అన్నం రోజూ ఒక్కడివే తింతావా?"

"కోడితో తింటాను."

"రేపట్నుంచి కోడి ఇక్కడే తింతాది. నువ్వూ ఇక్కడికే రా. సుష్మా, ఇయ్యాలే మూడు కంచాలు ఎయ్యి."

సుష్మ నా పక్క నుంచి వెళ్తూ, నాకొక్కడికే వినపడేలా "రా గిరీ" అంది.

వంటింట్లో కంచాల చప్పుడు వినగానే సీతాలు ఒళ్ళోంచి దూకింది. రెండు కాళ్ళ మీదా తిన్నగా, బింకంగా నడుచుకుంటూ మా ముందు నుంచే వెళ్ళింది.

"సూడు, ఎలా కుంటతందో," అన్నారు ఎరుకమ్మగారు.

"పాపం," అన్నాం మేమిద్దరం.