ఖరారు కాని మాట

యాకోబు ఎడమ చెంప సన్నగా అదిరింది. ఎదురుగా ఉన్న తెర మీద ఒక అక్షరం వచ్చి, కింద గీతతో నిలబడింది.

"వచ్చింది" అంది డాక్టర్ హైమవతి. ఈవిడ రోగాల డాక్టరు కాదు, కంప్యూటర్ల డాక్టరు. విశాఖ రేవులో పాతికేళ్లు క్రేను నడిపిన యాకోబుకి నరాల జబ్బు చేసి ముందు కాళ్లూ చేతులూ, తర్వాత మాటా పోయాయి. మిగిలింది చెంపలో ఒక కండరం, రెండు కంటిరెప్పలు. అక్షరం తలుచుకుంటే చాలు, ఆ కండరం ఒక్కో అక్షరానికి ఒక్కో తీరుగా అదురుతుంది. ఆ తేడాని పసిగట్టి కీ నొక్కినట్టుగా మార్చే పట్టీ హైమవతి కనిపెట్టింది.

అక్షరం కింద ఆ గీతెందుకని యాకోబు భార్య సువార్త అడిగింది. హైమవతి ఓపిగ్గా చెప్పింది. మనం కీ నొక్కగానే అక్షరం నేరుగా ఎడిటర్‌లో, అంటే మనం రాసుకునే పేజీలో, పడదు. మధ్యలో ఇన్‌పుట్ మెథడ్ అనే ప్రోగ్రాం ఒకటి, ఆఫీసు గుమ్మంలో గుమాస్తాలా కూర్చుని ఉంటుంది. వచ్చిన అక్షరాల్ని తన దగ్గరే ఆపుకుని, 'మీరనేది ఇదా, ఇదా?' అంటూ నాలుగైదు సూచనలు చూపిస్తుంది. గీత ఉన్నంతసేపూ అది పచ్చి మాట. ఎడిటర్ దానికి కాస్త చోటిస్తుందే గాని తనదనుకోదు. స్పేస్ కీ నొక్కితే మాట ఖరారై, గీత పోయి, ఫైల్లో చేరుతుంది. ఖరారైన సూచన మరోసారి వరసలో పైకొస్తుంది. మనిషి మాటతీరు అది నేర్చుకునేది అలాగే.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదమ్మా. ఇక్కడ పెదవంటే ఈ స్పేస్ కీయే" అని, చెంప అక్షరాలకే చాలుతుంది కనక ఆ కీని సువార్త చేతికిచ్చింది హైమవతి. షరతు ఒక్కటే. సూచన నచ్చితే యాకోబు కళ్లు మూస్తాడు. మూశాకే నొక్కాలి.

ఆగడమన్నది సువార్తకి చేతకాని పని. ఇరుగుపొరుగుకి తలలో నాలుకలాంటి మనిషే, కానీ మొగుడు మాట నానుస్తాడని పెళ్లైన కొత్తలోనే కనిపెట్టి, అతను "అదే..." అనేలోపు మిగతాది తనే అందుకునేది. చర్చిలోనూ అంతే, చేపల బజార్లోనూ అంతే. యాకోబు నవ్వి ఊరుకునేవాడు. అది ప్రేమేనని ఆమె అనుకునేది, ప్రేమే కూడా. ఇప్పుడు సూచనల్లో తను అనుకున్నది కనబడగానే వేలు దానంతటదే కీ మీద పడేది. నెలలు గడిచేసరికి యాకోబు చెంప ఒక్కసారి అదిరితే చాలు, వాక్యానికి వాక్యమే పైకొచ్చేది. 'నువ్వు తిన్నావా?' 'నీ చేతి పులుసే పులుసు.' సువార్త మురిసిపోయేది.

శీతాకాలంలో ఊపిరి అందడం తగ్గింది. గొంతులో గొట్టం పెడితే మనిషి నిలుస్తాడు గాని ఇంటికి పంపలేమనీ, నోటితో తిండి ఉండదనీ ఆసుపత్రివాళ్లు చెప్పారు. రోగి మాట కావాలన్నారు. యాకోబు చెంప అదిరింది. 'పెట్టించండి, నాకు బతకాలని ఉంది' అన్నది పైన నిలిచింది. సువార్త నొక్కేసింది. అతని కళ్లు విప్పారి ఆమెనే చూశాయి. సంతోషం కాబోలనుకుంది.

గొట్టం పెట్టిన కొన్ని వారాలకి హైమవతి ఆసుపత్రికి చూడటానికి వచ్చినప్పుడు సువార్త కింద కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. హైమవతే కీ పట్టుకుని కూర్చుని, ఎలా ఉన్నారని అడిగింది. 'బాగున్నాను' అని పైకొచ్చింది. యాకోబు కళ్లు మూయలేదు. ఆమె ఆగింది. రెండోదీ కాదు, మూడోదీ కాదు. అక్షరం వెంట అక్షరం, చెమటలు కక్కుతూ కొట్టుకొచ్చాడు. అప్పుడు కళ్లు మూశాడు. హైమవతి నొక్కింది.

'గొట్టం వద్దన్నాను. ఎవరూ ఆగలేదు.'

తడి చేతులతో వచ్చిన సువార్త అది చదివింది. "ఎవరి మాటిది?"

"ఆయనదే. ఇన్నాళ్లూ పైన కనబడ్డవి మీవమ్మా. ఖరారు చేసే చేతి దగ్గరే నా యంత్రం నేర్చుకుంటుంది. ఆ కీ మీకిచ్చింది నేనే."

సువార్త గోడకి ఆనుకుంది. "ముప్పై ఏళ్లు ఆయన మాట నేనే అందుకున్నాను డాక్టరమ్మా. ఒక్కనాడూ కాదనలేదు. కాదనే సందు ఇచ్చానో లేదో ఇప్పుడు తెలీట్లేదు."

యంత్రం నేర్చుకున్నదంతా హైమవతి తుడిచేసింది. ఆనాటి నుంచి సువార్త ఆగడం నేర్చుకుంది. కానీ అప్పటికే జబ్బు రెప్పల దాకా వచ్చింది.

ఒక సాయంత్రం చెంప చాలాసేపు అదిరింది. 'సువార్తా, నీ మీద కోపం' అన్నంతవరకూ యాకోబు కొట్టిందే, అంతా ఇంకా గీత మీదే ఉంది. కింద సూచనలు వచ్చాయి: 'లేదు', 'ఉంది', 'ఉండేది'. సువార్త అతని కళ్లలోకి చూసింది. రెప్పలు సగం వాలి అలాగే ఉన్నాయి. మూశాడా, మూయలేకపోయాడా? పైనున్నది 'లేదు'. నొక్కితే గీత పోతుంది, మాట నిలుస్తుంది, లోకంలో ఎవరూ కాదనరు. ఆ మాట కోసం ఆమె ప్రాణం ఇచ్చేసేది. అయినా నొక్కలేదు. ఆగింది. ఆమె ఆగి ఉండగానే యాకోబు వెళ్లిపోయాడు.

కబురందుకుని వచ్చిన హైమవతి కన్నీళ్లు తుడుచుకుంటూ ఎడిటర్ మూసింది. భద్రం చేయమంటారా అని అది అడగనైనా లేదు. ఖరారు కాని మాట ఉన్నట్టే దానికి తెలియదు.

సమాధి కార్యక్రమంలో పాస్టరుగారు ఆ ఫైలు తెప్పించుకుని యాకోబు చివరి మాటలు చదివి వినిపించారు. గొట్టం సంగతి దగ్గర ఒక్క క్షణం తడబడి, దాటేశారు. మిగిలినవన్నీ చదివారు. మంచానపడి కూడా పెళ్లాం మీద ఇంత ప్రేమా అని ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ముందు వరసలో సువార్త తలవంచుకుని, తను ఖరారు చేసిన మాటలన్నీ చివరిదాకా విన్నది.