తమ్ముడి గొంతు కోసం నల్లకొండకు వెళ్ళిన కువలయ

సింధువార రాజ్యంలో దేనికీ కొదవ లేదని అందరూ అనుకునేవారు. పంటలు పండేవి, ఏనుగులు బలిసి ఉండేవి, కోట వంటశాలలో నేతి జాడీలకు మూత పెట్టే అలవాటే లేదు. ఉన్న బెంగల్లా ఒక్కటే. రణధీర మహారాజు కొడుకు మణికేతుడు మాట్లాడేవాడు కాదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. పొద్దస్తమానం చింతగింజలు వరసగా పేర్చుకుంటూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చునేవాడు.

మంత్రిగారి పేరు దీర్ఘదర్శి. పేరుకు తగ్గట్టే దూరంగా ఉన్నవి ఆయనకు బాగా కనిపించేవి. దగ్గరున్నవే ఆనేవి కావు.

"రాకుమారుడి గొంతును పిశాచం పట్టింది ప్రభూ. బాబు నోరు తెరిచినప్పుడల్లా నగారా మోగించాలి. ఆ చప్పుడుకు అది పారిపోతుంది" అన్నాడాయన.

రాజుగారు కొడుకంటే ప్రాణం పెట్టే తండ్రి. అందుకని ఒక నగారా చాలదని రెండు పెట్టించాడు. అప్పటి నుంచి మణి "ఊ" అంటే ఢమఢమ. కేరింత కొట్టబోతే ఢమఢమ. ఆవులించినా ఢమఢమే. పాపం, కొన్నాళ్ళకు ఆ పిల్లవాడు ఆవులింత కూడా పెదవులు బిగించే ఆవులించడం నేర్చుకున్నాడు. నగారా పనిచేయడం లేదని ఒక్కరైనా అనలేదు. పిశాచం మొండిదన్నారు.

మణికి ఒక అక్క ఉంది, కువలయ. తల్లి పోయిన నాటి నుంచి తమ్ముడికి తనే తల్లి. వాడికి దాహం వేయకముందే నీళ్ళు పట్టేది. ఎవరైనా వాణ్ణి పలకరిస్తే జవాబు తనే చెప్పేది. ఇంత మంచి అక్క ఏ దేశంలోనూ లేదని కోటంతా మెచ్చుకునేది.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఎనిమిదేళ్ళు నిండిన రాకుమారుడు విజయదశమి సభలో తన పేరూ తండ్రి పేరూ చెప్పాలి. చెప్పలేనివాణ్ణి సరిహద్దులోని కొండకోటకు పంపేస్తారు. ఇక తిరిగి రానివ్వరు. ఆ ఏడు మణికి ఎనిమిదేళ్ళు నిండాయి.

"వాణ్ణి ఒంటరిగా పంపేస్తారా నాన్నగారూ?" అంది కువలయ.

"ఆచారం తల్లీ. నా చేతిలో ఏముంది?" అన్నాడు రాజు.

రాజుల చేతుల్లో కత్తులుంటాయి, సైన్యాలుంటాయి. ఇటువంటప్పుడు మాత్రం ఏమీ ఉండదు.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "నల్లకొండ మీద గండశిల అనే రాక్షసి ఉంది. పిల్లల గొంతులు జాడీల్లో దాస్తుందట. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు."

"తిరిగి రాకపోతే ఆ సంగతి మీకెవరు చెప్పారు మంత్రిగారూ?"

దీర్ఘదర్శి కిటికీలోంచి దూరంగా ఏదో చూడసాగాడు. కువలయ నడుముకు కత్తి కట్టుకుని, తెల్లవారేసరికి గుర్రమెక్కింది.

అడవి దాటగానే పెద్ద నది అడ్డం వచ్చింది. గుర్రం నీళ్ళు చూసి మొరాయిస్తే, కువలయ దాన్ని ఇంటిదారి పట్టించింది. ఒడ్డున బండంత తాబేలు ఒకటి పడుకుని ఉంది.

"తాతా, నన్ను అవతలికి చేరుస్తావా?" అని అడిగింది కువలయ. తాబేలు పలకలేదు. "తాతా, నిన్నే! అవతలికి దాటిస్తావా?" అని మళ్ళీ అడిగింది. తర్వాత గట్టిగా అడిగింది. బతిమాలింది. డిప్ప మీద కొట్టింది కూడా. చివరికి విసిగిపోయి, నోరు నొప్పెట్టి, ఇసుకలో కూలబడి ఊరుకుంది. నీడలు సాగాయి. అప్పుడు తాబేలు మెల్లగా తల బయటపెట్టింది.

"దాటిస్తాను" అంది.

"ఆ ఒక్క మాటకు ఇంతసేపా తాతా?"

"నీ మాట నా చెవిలోకి దిగాలి, లోపల తిరగాలి, జవాబు తయారై పైకి రావాలి. అది గడప దాకా వచ్చేసరికి నువ్వు మళ్ళీ అడుగుతావు. పాపం అది బెదిరి లోపలికి పోతుంది. నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నువ్వు ఊరుకుని ఉంటే పొద్దున్నే అవతల ఉండేదానివి."

కువలయకు నవ్వొచ్చింది. నది మధ్యకు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. మణిని ఎవరైనా ఏదైనా అడిగాక, కనురెప్ప వాల్చేంతసేపైనా తను ఆగిందా?

నల్లకొండ గోడలా నిటారుగా ఉంది. తాబేలు చెప్పినట్టే, దాని కింద ఒక రెక్కల గుర్రం ఉంది. కొండ ఎక్కించగలిగేది అదొక్కటే. అది బండవైపు తిరిగి, గిట్టతో గులకరాళ్ళను ఒక్కొక్కటే జరిపి వరసగా పేరుస్తోంది. కువలయ బెల్లం చూపింది, చూడలేదు. ఎదురుగా వెళ్ళి చప్పట్లు కొట్టింది. అది చెవులు వెనక్కి వాల్చి ఎగిరిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి, చెదిరిన రాయిని సర్ది మళ్ళీ పేర్చసాగింది.

కువలయ ఈసారి దాని పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది. ఏమీ అనలేదు. ఒక గులకరాయి తీసి వరస చివర పెట్టింది. గుర్రం ఆ రాయిని మూతితో కొద్దిగా సరిచేసింది. తర్వాతది తను పెట్టింది. ఆ తర్వాతది కువలయ. వరస పెరిగి పెరిగి దారి మలుపు దాకా పోయింది. అప్పుడా గుర్రం తల తిప్పి, మొదటిసారిగా ఆమె కళ్ళలోకి చూసింది.

మణి చింతగింజల్ని సాయంత్రం దాసీలు రోజూ ఊడ్చేసేవారు. వాటి బదులు కువలయ బంగారు బొమ్మలు తెచ్చిపెట్టేది. ఒక్కనాడూ పక్కన కూర్చుని ఒక్క గింజ పెట్టలేదు. గుర్రం ఆమెను ఎక్కించుకుని ఎగురుతుంటే గాలికి కాబోలు, ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

కొండ మీది గుహలో సందడిగా ఉంది. నడవలేని గంధర్వుల పిల్ల తాడు పట్టుకుని నిలబడుతోంది. కోరలు సరిగా రాని రాక్షస బుడతడొకడు గాలి ఊది ఈకను ఎగరేస్తున్నాడు. వాళ్ళ మధ్య కొండంత గండశిల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

కువలయ కత్తి దూసింది. "నా తమ్ముడి గొంతు ఇచ్చెయ్!"

"చెప్పులు విడిచి రా పిల్లా. ఇప్పుడే అలికాను" అంది రాక్షసి. "నా జాడీల్లో ఉన్నది ఊరగాయ. కావాలంటే మూత తీసి చూసుకో."

మూతలు తీసింది. ఊరగాయే. కత్తి పట్టుకున్న చెయ్యి దానంతటదే కిందికి వాలింది.

"వాడికి దాహం వేస్తే ఏం చేస్తాడు?" అని అడిగింది గండశిల.

"దాహం వేయకముందే నేనిస్తాను."

"బయటికి పోవాలనిపిస్తే?"

"నేనే ఎత్తుకుంటాను."

"ఎవరైనా పేరడిగితే?"

"నేనే చెబుతాను."

"అన్నీ నువ్వే చేస్తే ఇక వాడికి మాటతో పనేముందమ్మా? సరే, ఎప్పుడైనా నోరు తెరిస్తే ఏమవుతుంది?"

"నగారా మోగిస్తారు."

రాక్షసి నిట్టూర్చి, "మీ ఊళ్ళో నన్ను రాక్షసి అంటారు కదూ?" అంది.

కువలయ వెక్కి వెక్కి ఏడ్చింది. "శాపం విప్పు. ఏం కావాలన్నా ఇస్తాను."

"శాపమైతే ఒక్కసారి ఊది విప్పేదాన్ని. వాడు పుట్టడమే అలా పుట్టాడు. అందులో విప్పడానికేమీ లేదు. వాడి దగ్గరికి వెళ్ళే దారి ఉంది. అది మీరు నడవాలి, వాడు కాదు. నేనూ వస్తాను. పోయి కోట గుమ్మాలు పెద్దవి చేయించు."

రెక్కల గుర్రం విజయదశమి నాటికే ఆమెను కోటలో దించింది. సభ నిండి ఉంది. నగారాల దగ్గర భటులు కర్రలెత్తి సిద్ధంగా ఉన్నారు. మణి సింహాసనం ముందు నిలబడి ఊగుతున్నాడు.

"నీ పేరేమిటి నాయనా?" అన్నాడు రాజు. జవాబు లేదు. రాజు మళ్ళీ నోరు తెరవబోయాడు.

"ఆగండి నాన్నగారూ!" కువలయ పరుగున వచ్చింది. "మళ్ళీ అడగకండి. ఎవరూ కదలకండి. వాడి బదులు నేను కూడా చెప్పను."

సభ ఆగింది. అంత నిశ్శబ్దం ఆ కోటలో అంతకుముందు ఎన్నడూ లేదు. మంత్రిగారికి తుమ్ము వచ్చి, ముక్కు పట్టుకుని నిలబడ్డాడు.

మణి ఊగడం తగ్గింది. మెల్లగా నడిచి వెళ్ళి, ఒక భటుడి చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. రెండోవాడి చేతిలోంచీ లాక్కున్నాడు. వాటిని తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టి, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు.

ఆ మాట సభలో అర్థం కానివాళ్ళు లేరు. రాజు ఆ కర్రల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన నోట "ఇన్నేళ్ళూ..." అన్న మాట వచ్చింది, ఆ పైన రాలేదు. ఆచారం ఆ రోజే పోయింది. కొండకోటకు తాళం పడింది.

గుహలోని పిల్లలతో సహా గండశిల వచ్చింది. గుమ్మం చాలక మంత్రిగారి మేడ సగం పడగొట్టవలసి వచ్చింది. కోట వెనక తోటలో ఆమె పాక వేసుకుంటే, ఊళ్ళోని తల్లులంతా ఇంతకాలం ఇళ్ళలో దాచిన అలాంటి పిల్లల్ని తీసుకొచ్చారు. అంతమంది ఉన్నారని ఎవరికీ తెలియదు. కువలయ యువరాణి అయింది, పొద్దున సభలోనూ మధ్యాహ్నం పాకలోనూ కూర్చునేది. చెక్కబిళ్ళల మీద కుండ, మామిడిపండు, తలుపు బొమ్మలు వేయించింది. మణి కావలసిన బిళ్ళ తెచ్చి ఇచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి ఒక మాట కూడా వచ్చింది. ఆ మాట "వద్దు." స్నానానికి పిలిచినప్పుడల్లా ఎంతో స్పష్టంగా అనేవాడు.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. తండ్రి పాకలో అడుగు పెడితే మణి లేచి వెళ్ళిపోయేవాడు.

"వాడు నన్ను క్షమిస్తాడా?" అని అడిగాడు రాజు.

"తెలీదు. అది వాడి ఇష్టం" అంది గండశిల. "మీ పని రోజూ వచ్చి కూర్చోవడం."

రాజ్యభారం కూతురికి అప్పగించి, ఆయన రోజూ వచ్చి ఒక మూల కూర్చున్నాడు. పిలవలేదు, బహుమతులు తేలేదు. మణి వెళ్ళిపోతే ఖాళీ చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. పోయిన ఏళ్ళను తలుచుకోవడానికి ఆయనకు కావలసినంత తీరిక దొరికింది.

ఒక వానాకాలం పగలు, కువలయ సభలో ఉండగా ఫెళ్ళున ఉరిమింది. పాకలో పిల్లలు కెవ్వుమన్నారు. మణి చెవులు మూసుకున్నాడు. ఆ చిన్న చేతులు చాలలేదు. చుట్టూ చూశాడు. లేచాడు. మూల దాకా నడిచి, తండ్రికి వీపు చేసి కూర్చున్నాడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగి, తన చెవుల మీద పెట్టుకున్నాడు.

వాన వెలిసింది. పిల్లలు ఆటల్లో పడ్డారు. రాజుగారి చేతులు తిమ్మిరెక్కాయి. ఆయన తీయలేదు, మణి తీయమనలేదు.