కొలిమి కింద నీళ్లు

"మాస్టారు పోయాడు," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండానే.

ఉదయం ఏడున్నర. కిటికీ లేని గది. బల్ల మీద మూడు ఫోన్లు, ఒక ఫోటో. ఫోటోలో చెట్లను మించి లేచిన రాతి కొలిమి. దాని మొదట్లో తెల్లటి దుప్పటి కప్పిన మనిషి.

బల్లకు ఇవతల కూర్చున్న ఏజెంటు ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. డిపార్టుమెంటు రికార్డుల్లో అతని కోడ్‌నేమ్ చిరుత. నలభై ఆరేళ్లు, కాస్త పొట్ట, ఎడమ మోకాలికి నొప్పి వచ్చాక తోటివాళ్లు పెట్టిన పేరు తాబేలు. రెండో పేరే నిలిచింది. తాళం తీయడం నుంచి అబద్ధం ఆడటం దాకా అతనికి అన్నీ నేర్పింది మాస్టారే.

"ఎలా?"

"పాత ఇనుప కార్ఖానా శిథిలాలున్న ఆ ఫారెస్టు పార్కులో. పక్షులు చూసేవాడి వేషంలో వారం నుంచి నిఘా పెట్టాడు. మొన్న కొలిమి పైనుంచి పడ్డాడు. కాలు జారిందని పార్కువాళ్ల రిపోర్టు."

"మీరేమంటారు సార్?"

"నేనింకా ఏమీ అనలేదు. చివర్లో కొలిమి పైనుంచే వైర్‌లెస్‌లో రెండే రెండు మాటలు పంపాడు. 'నీళ్లు లేవు'. అంతలోనే లైను తెగింది. దాహమేసింది కాబోలు, పాపం."

తాబేలు పళ్లు కొరుక్కున్నాడు. మండుటెండలో మూడు రోజులు గుక్కెడు నీళ్లు అడక్కుండా కాపు కాసిన మనిషి, దాహమేసిందని వైర్‌లెస్ పట్టుకుంటాడా?

చీఫ్ గడియారం చూసుకున్నాడు. "ఇవాళ పదకొండున్నరకి మన మంత్రి, పొరుగు దేశపు రాయబారి ఆ కొలిమి ముందు ఫోటో దిగుతారు. మధ్యాహ్నం సరిహద్దు ఒప్పందం. ఆ సంతకాలు పడకూడదని కాచుకున్న విదేశీ ముఠా ఒకటి పార్కులో దిగింది. ఏం చేయబోతోందో కనుక్కో."

"కార్యక్రమం రద్దు చేయిస్తే పోలా?"

"దానికి ఆధారం కావాలి."

"మాస్టారి శవం చాలదా?"

"కాలు జారిందని రిపోర్టు ఉందన్నానా?" చీఫ్ ఫైలు మూసేశాడు. "అక్కడ మనకో మనిషి ఉంది. కోడ్‌నేమ్ నెమలి. గోడలెక్కడం నేర్పే కోచ్. డబుల్ ఏజెంట్. ఆమెను నమ్మకు. కానీ ఆమె తప్ప మనకు గతి లేదు."

గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది తాబేలుకి. ఆ గోడకు కూడా పర్మిషన్ కావాలంటారేమోనని ఊరుకున్నాడు.

కింది అంతస్తులో టెక్నికల్ సెక్షన్. దాని ఇన్‌చార్జి స్వయానా అతని బావమరిది.

"బావా, ఈ బైనాక్యులర్స్‌తో రెండొందల మీటర్ల అవతలి మాటలు వినొచ్చు. ఈ సైకిల్ హెల్మెట్‌లో రేడియో. ఈ బెల్లు నొక్కితే పొగ. ఇదిగో నీ డ్రెస్సు."

తాబేలు ఆ సైక్లిస్టు బనియన్‌ను వేళ్లతో ఎత్తి చూశాడు. "ఇది నాకు పడుతుందా?"

"సాగుతుంది బావా. అన్నట్టు అక్క ఫోన్ చేసింది. ట్రైనింగ్‌కి వెళ్తున్నావని చెప్పావట కదా? నీ వయసులో ట్రైనింగేంటని నన్ను నిలదీసింది."

"ఏం చెప్పావ్?"

"నేర్చుకోవాల్సింది చాలా ఉందని చెప్పా. వెంటనే నమ్మేసింది."

పార్కులోకి అడుగుపెట్టేసరికి పది. ఒకప్పుడు ముడి ఇనుము మోసిన ట్రాలీ పట్టాల దారే ఇప్పుడు సైకిల్ ట్రాక్. బొగ్గు కాల్చిన గుండ్రటి ఇటుక బట్టీల్లో కుటుంబాలు టిఫిన్ బాక్సులు విప్పుకుంటున్నాయి. పైకప్పు లేని పోత షెడ్డు గోడల్లోంచి చెట్ల వేళ్లు దిగాయి. పైన చెట్ల మధ్య కట్టిన తీగ మీద ఎవరో కేకలు పెడుతూ జారిపోతున్నారు.

రెండో మలుపులో చెయిన్ ఊడింది. బిగించాడు. మళ్లీ ఊడింది. చేతులనిండా గ్రీజు. హెల్మెట్ రేడియోలో గుర్‌ర్‌ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. చెట్ల కింద సిగ్నల్ అందదన్న సంగతి బావమరిదికి ఎవరూ చెప్పినట్టు లేదు. బైనాక్యులర్స్ కొలిమి వైపు తిప్పి చెవిలో బటన్ పెట్టుకున్నాడు.

"ఉప్పు తెమ్మన్నానా లేదా?"

"నువ్వు చెప్పలేదు."

"చెప్పాను. నువ్వెప్పుడు విన్నావ్ గనక?"

ఏ దిక్కుకు తిప్పినా ఏదో ఒక సంసారం. విసుగెత్తి బైనాక్యులర్స్ సంచిలో పడేశాడు.

అప్పుడు కాలువ కంటపడింది. పక్కనే బోర్డు: 'ఈ కాలువ నీటితోనే చక్రం తిరిగి కొలిమి తిత్తులు ఊదేవి. ఆ నీరు కొలిమి కింది సొరంగం గుండా నేటికీ సరస్సులోకి పారుతోంది.'

కాలువ అడుగున పగుళ్లిచ్చిన బురద. చుక్క నీరు లేదు.

నీళ్లు లేవు.

తాబేలు సైకిల్‌ను అక్కడే వదిలేసి, మోకాలు మొరాయిస్తున్నా, గోడలెక్కడం నేర్పే చోటికి పరుగెత్తాడు.

పాత రాతి అడ్డుగోడ మీద ఇరవై అడుగుల ఎత్తున ఎర్ర జాకెట్‌లో ఒక స్త్రీ, నేల మీద నడిచినంత తేలిగ్గా పక్కకు కదులుతోంది. అతన్ని చూసి ఒక్క ఊపులో తాడు మీద దిగింది. పొడవాటి మెడ, చెమటలోనూ చెదరని కాటుక. నెమలి అన్న పేరు ఎవరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు.

"ఈ గోడ జారుతుందా?" అన్నాడు తాబేలు.

"తాడుంటే జారదు." కోడ్ సరిపోయింది. కానీ ఆమె కళ్లలో నిప్పులు. "ఇప్పుడా వచ్చేది? మూడు నెలల్లో నాలుగు రిపోర్టులు పంపాను. ఒక్కటైనా చదివారా?"

"ఏ రిపోర్టులు?"

"అయ్యో రామా!" ఆమె తాడు నేలకేసి కొట్టింది. "పసుపు హెల్మెట్ వాడు, ఇక్కడ రిపేరు పనుల సూపర్‌వైజరు, ముఠా మనిషి. తూము మూసి నీళ్లాపాడు. కొలిమి ముందు వేసిన వేదిక కింద, సొరంగంలో బాంబు పెట్టాడు. పదకొండు నలభైకి టైమర్. సొరంగం రెండు చివర్లా ఇనుప కమ్మీలు, తాళాలు. మీ ఆఫీసు పలక్కపోతే మాస్టారికి చెప్పాను. ఆయన కొలిమి పైకెక్కి చూస్తుంటే వాడు తోసేశాడు. నేను దిగి వెళ్లేసరికి..." కింద పడ్డ తాడు తీసి భుజాన వేసుకుంది.

నిజమా, నాటకమా? మాస్టారిని చివరగా చూసింది ఈమే. కానీ ఎండిన కాలువ అబద్ధం ఆడదు.

పార్కు ఆఫీసులో ఫోన్ కోసం క్లర్కుతో మూడు నిమిషాలు. ఫోన్ పార్కు పనులకేనట. చివరికి లైను కలిసింది.

"సార్, బాంబు ఉంది! వాళ్లను ఆపండి!"

"ఎవరు చెప్పారు?"

"నెమలి."

"నమ్మొద్దని చెప్పానుగా? రెండో ఆధారం దొరికితే ఫోన్ చెయ్యి." లైను తెగింది.

కొలిమి వైపు పరుగెత్తితే సెక్యూరిటీవాళ్లు తాడు దగ్గరే ఆపారు. అండర్‌కవర్‌లో ఐడీ కార్డు ఉండదు. చేతులకు గ్రీజు, ఒంటికి అతుక్కుపోయిన బనియన్, నోట 'బాంబు' అనే మాట. చెరో రెక్క పట్టుకుని పొదల్లోకి నెట్టి, మళ్లీ కనిపిస్తే లోపలేస్తామన్నారు. కోపంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక అప్పుడే కార్ల తలుపులు మూసుకుంటున్న చప్పుడు.

పొద అవతల నెమలి నిలబడి ఉంది. "పదండి. తూము తెరవడమొక్కటే దారి. బాంబు పెట్టె మనిషి లాగలేనంత బరువు, కానీ కింద చక్రాలున్నాయి, నీటి తాకిడికి కొట్టుకుపోతుంది. సరస్సు వైపు కమ్మీల తాళం తెల్లవారుజామున నేనే కోసేశాను."

కొలిమికి మూడొందల గజాల పైన, కొండవాలులో తూము. పాత రాతి గోడ, ఇనుప షట్టరు, పైన అడ్డంగా మొద్దు దూలం. షట్టరు తిప్పే హ్యాండిల్ లేదు. దాని స్థానంలో పసుపు హెల్మెట్ వాడు కూర్చుని ఉన్నాడు, చేతిలో పిస్తోలు.

"శభాష్ నెమలీ," అన్నాడు వాడు. "కోడిని ఇంటిదాకా తోలుకొచ్చావ్."

తాబేలు చెయ్యి జేబులోకి వెళ్లింది. ఆమె మొహంలో ఏ భావమూ లేదు. భుజాన తాడుతో నెమ్మదిగా నడిచి వాడి పక్కన నిలబడింది. "తెస్తానన్నానుగా," అంది.

మిగిలింది సైకిల్ మీంచి పీకి జేబులో వేసుకున్న బెల్లు. నొక్కాడు. పొగ రాలేదు. ట్రింగ్‌మంది.

పసుపు హెల్మెట్ వాడు అటు చూశాడు, అరక్షణం. ఆమెకు అంత చాలు. తాడు ఉచ్చు వాడి మణికట్టు మీద బిగిసింది, గుండు చెట్టులోకి దూరింది, తాబేలు అమాంతం వాడి మీద పడ్డాడు. లేచేసరికి వాడు తన బెల్టుతోనే దూలానికి కట్టేసి ఉన్నాడు.

పదకొండు ముప్ఫై ఆరు.

"హ్యాండిల్ ఏదిరా?"

"సరస్సులో వెతుక్కో," అని నవ్వాడు వాడు.

నెమలి తాడు షట్టరు కొక్కేనికి తగిలించి, దూలం మీదుగా కప్పీ వేసి, రెండో కొస అతని నడుముకి కట్టింది. "మీ బరువెంత?"

"మా ఆవిడ కూడా అడగని ప్రశ్న..."

"చెప్పండి!"

"ఎనభై తొమ్మిది."

"దూకండి."

తాబేలు గోడ మీంచి వాలులోకి దూకాడు. షట్టరు కీచుమని జానెడు లేచి ఆగిపోయింది. తుప్పు. కాళ్లు గాల్లో కొట్టుకుంటూ, మాస్టారు నేర్పిన తిట్లన్నీ వరసగా తిట్టాడు. కింద మైకులో ఎవరో అతిథులను ఆహ్వానిస్తున్నారు. పదకొండు ముప్ఫై ఎనిమిది.

పైనుంచి నెమలి అదే తాడు పట్టుకుని దూకి అతని భుజాల మీద వాలింది.

ఫట్‌మని తుప్పు విరిగింది. మూడు నెలలుగా ఆపిన నీరు గర్జిస్తూ కాలువలో పడింది, చక్రాన్ని ఒక్క తాపు తన్ని తిప్పింది, సొరంగంలోకి దూకింది. సరస్సు వైపు కమ్మీలు తెరుచుకున్నాయి. చక్రాల మీద నల్లటి పెట్టె ఒకటి బయటికి దొర్లి, నీళ్ల మధ్యకు కొట్టుకుపోయి మునిగింది. మంత్రి వస్తున్నారని పడవలన్నీ ఒడ్డునే కట్టేశారు.

పదకొండు నలభై.

సరస్సు నడుమ నీరు చెట్లంత ఎత్తుకు లేచి, ఎండలో తళతళలాడి, వేదిక మీద జల్లుగా కురిసింది. మైకు పట్టుకున్నవాడు క్షణం తడబడి, "ఇది మన పార్కు వారి ప్రత్యేక కానుక!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

పార్కు ఆఫీసులో ఈసారి క్లర్కే ఫోన్ చేతికిచ్చాడు. తాబేలు ముందు మాస్టారి సంగతి చెప్పాడు. తర్వాత చదవని నాలుగు రిపోర్టుల సంగతి. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఫైలు తెప్పిస్తాను," అన్నాడు చీఫ్ చివరికి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో. నెమలి వాకిట్లో రాతిబండ మీద కూర్చుని తాడు చుట్టుకుంటోంది. రిపోర్టుల మాట చెవిన పడినట్టుంది, తలెత్తలేదు.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. ఆ నీళ్ల ఫౌంటెన్ మంత్రిగారికి తెగ నచ్చిందట. విదేశీ అతిథులు వచ్చినప్పుడల్లా ఏర్పాటు చేయగలరా అని అడుగుతున్నారు."

"చేద్దాం సార్," అన్నాడు తాబేలు. "బాంబు మాత్రం వాళ్లనే తెచ్చుకోమనండి."